నీటిరంగుల్లో నీళ్ళెవరివి?

రేవు బొమ్మ అంటే అందరికీ తెలిసిన బొమ్మే. మెట్లు, మెట్ల పైన గుడి గోపురం, కింద నీళ్ళు, నీళ్ళలో గోపురం నీడ, పక్కన ఒకటో రెండో పడవలు. నల్లసిరాతో కలం గీతలు గీసి, పైన పల్చగా నీటిరంగు పూస్తారు. హోటళ్ళ గోడల మీదా, బ్యాంకుల క్యాలెండర్ల మీదా, ఆర్ట్ కాలేజీ విద్యార్థుల అట్టల మధ్యా ఈ బొమ్మ కనపడుతూనే ఉంటుంది. చూసినవాళ్ళంతా బాగుందంటారు. కొన్నవాళ్ళు హాల్లో తగిలించుకుంటారు. దీంతో ఎవరికీ పేచీ లేదు.

మాకు అనుమానం వచ్చింది సరిగ్గా అక్కడే. ఈ దేశంలో నీళ్ళ ఒడ్డు అంత పేచీ ఉన్న చోటు మరొకటి లేదు. ఏ మెట్టు మీద ఎవరు కాలు పెట్టాలి, ఎవరు ముంచుకున్నాక ఎవరు ముంచుకోవాలి, ఎవరి బట్ట ఎవరు ఉతకాలి, ఎవరి శవాన్ని ఎవరు కాల్చాలి, ఇవన్నీ తేలేది నీళ్ళ ఒడ్డునే. మన ఊళ్ళల్లో ఒకే చెరువుకి అన్ని రేవులు ఎందుకున్నాయో ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి చోటుని గీసిన బొమ్మ ఎవరికీ పేచీ లేకుండా ఉందంటే, దాంట్లోంచి ఏదో తీసేసి ఉండాలి. ఏం తీసేశారు? ఎలా తీసేశారు? తీసేసినదాన్ని ఎక్కడ పెట్టారు? ఈ మూడు ప్రశ్నలే ఈ వ్యాసం.

కథనీ, కావ్యాన్నీ, సినిమానీ కులం వైపు నుంచి నిలదీసిన విమర్శ తెలుగులో గట్టిగా నిలబడింది. బొమ్మల జోలికి వెళ్ళినవాళ్ళు మాత్రం తక్కువ. బొమ్మకి మాటలు లేవు గనక దానికి కులం కూడా లేదన్న భ్రమ చదువుకున్నవాళ్ళల్లో ఇంకా ఉన్నది. ప్రకృతి దృశ్యం అనగానే ఆ భ్రమ ఇంకా బలపడుతుంది. చెట్టుకీ పుట్టకీ కులమేమిటండీ అంటారు. చెట్టుకి లేకపోవచ్చు. రేవుకి ఉన్నది.

1

కాగితం మీద, కలం, సిరా, నీటిరంగులతో, నదిని ఎదురుగా పెట్టుకుని గీసే ఈ పద్ధతి మనకి ఇంగ్లీషువాళ్ళతో వచ్చింది. విలియం హాడ్జెస్ 1780లో మద్రాసులో దిగాడు. అంతకుముందు కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రలో బొమ్మలు గీసే ఉద్యోగం చేసినవాడు. 1781లో వారన్ హేస్టింగ్స్ వెంట కాశీ వెళ్ళాడు. హేస్టింగ్స్ వెళ్ళింది గంగాస్నానానికి కాదు, రాజా చైత్ సింగ్ దగ్గర డబ్బు వసూలు చెయ్యడానికి. ఊరు తిరగబడింది. హేస్టింగ్స్ చునార్ కోటకి పారిపోవాల్సి వచ్చింది. ఇండియాలో తిరిగిన ఆ కాలపు స్కెచ్చుల నుంచే హాడ్జెస్ 1785-88 మధ్య 48 దృశ్యాలు అచ్చువేశాడు. ఆ తరవాత థామస్ డేనియల్, అతని అన్నదమ్ముడి కొడుకు విలియం డేనియల్ 1786 నుంచి 1793 దాకా ఈ దేశం చుట్టారు. వాళ్ళు గీసిన కాశీ దశాశ్వమేధ ఘాట్ బాగా ప్రసిద్ధి. 1795 నుంచి 1808 దాకా లండన్లో 144 బొమ్మలుగా వాళ్ళ పని వెలువడింది.

ఇది సౌందర్యారాధన మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో నీటిరంగుల దృశ్యచిత్రానికి పెద్ద దిక్కుగా చెప్పే పాల్ శాండ్‌బీ 1768 నుంచి చాలా ఏళ్ళు వూలిచ్ మిలటరీ అకాడమీలో డ్రాయింగ్ మాస్టరు. ఈస్టిండియా కంపెనీ తన సైనికాధికారుల కోసం 1809లో అడిస్కోంబ్‌లో పెట్టిన బడిలోనూ డ్రాయింగ్ ఒక పాఠం. ఎందుకు? నది ఎక్కడ దాటొచ్చు, ఒడ్డు ఎంత ఎత్తు, కోట గోడ ఏ వైపు తిరిగి ఉంది, ఇవి సైన్యానికి కావాలి. ఫొటో లేని రోజుల్లో కలం, సిరా, పల్చటి రంగే ఆ పని చేశాయి. అంటే రేవుని దూరం నుంచి, ఎదటి ఒడ్డు నుంచో పడవ లోంచో చూసే ఆ చూపు మొదట రేవుని స్వాధీనం చేసుకోవాలనుకున్నవాడి చూపు. అందం అందులోనే కలిసి వచ్చింది.

జేమ్స్ ప్రిన్సెప్ ఉదాహరణ ఇంకా స్పష్టం. 1837లో బ్రాహ్మీ లిపిని విప్పి అశోకుడి శాసనాలు చదివించినవాడిగా ఆయన మనకి తెలుసు. ఆయన అంతకుముందు 1820 నుంచి 1830 దాకా కాశీ టంకశాల ఉద్యోగి. ఆ ఊరి మ్యాపు గీశాడు. జనాభా లెక్క తీశాడు. ఘాట్ల బొమ్మలు గీసి 1830-34 మధ్య లితో అచ్చులుగా తెచ్చాడు. ఒకే మనిషి, ఒకే ఊరు. లెక్కల్లో కులాలున్నాయి. బొమ్మల్లో అందం ఉంది. రెండూ ఒకే కాగితం మీదకి రాలేదు. మేము చెప్పదలుచుకున్నది ఇక్కడ మొదలవుతుంది.

2

రేవు బొమ్మ గీసే వరస చూడండి. ముందు పెన్సిలు. డేనియళ్ళు చీకటిపెట్టె వాడేవారు. కటకం గుండా ఎదటి దృశ్యం కాగితం మీద పడుతుంది, దాని వెంబడి గీత గీసుకుంటారు. తరవాత కలంతో రాతి అంచులు, మెట్లు, స్తంభాలు. ఆ పైన బూడిదరంగు సిరాని నీళ్ళలో కలిపి నీడలు. చివరగా రంగులు. మనుషులు వచ్చేది ఆ చివర్లోనే.

రాయి కదలదు. గుడి కదలదు. గంటసేపు కూర్చుని దాని ప్రతి గీతా పట్టుకోవచ్చు. పని చేసేవాడు కదులుతూ ఉంటాడు. బట్ట ఎత్తి బండకేసి కొట్టే చాకలి, తెప్ప నెట్టే బెస్త, కట్టెలు మోసే డోమ్, వీళ్ళెవరూ బొమ్మ కోసం ఆగరు. కాబట్టి కట్టించినవాడి రాయికి కలం గీత దక్కింది. మోసినవాడి ఒంటికి రంగు మరక దక్కింది. ఇది ఎవరో కుట్ర చేసి పెట్టిన తేడా అని మేము అనడం లేదు. పద్ధతిలోనే ఉన్న తేడా. పద్ధతిలో ఉన్నది గనకే చేతులు మారినా, దేశాలు మారినా అది పోలేదు.

దీనికి సిద్ధాంతం కూడా కుదిరింది. విలియం గిల్పిన్ అనే ఇంగ్లీషు మతగురువు 18వ శతాబ్దం చివర్లో దృశ్యచిత్రానికి సూత్రాలు రాశాడు. నీతి లెక్కన కష్టపడేవాడే మేలు గానీ, బొమ్మ లెక్కన మాత్రం పనీపాటా లేకుండా నిలబడ్డ పల్లెటూరి మనిషే బాగుంటాడని ఆయన వాదన. ఆ మాటని కాశీ ఘాట్ దగ్గర పెట్టి చూడండి. పని చేస్తున్న మనిషి బొమ్మని పాడుచేస్తాడు. నిలబడ్డ మనిషి, గొడుగు పట్టుకున్న మనిషి, మెట్ల మీద కూర్చున్న మనిషి బొమ్మకి శోభ. అతను అక్కడ ఉన్నది గోపురం ఎంత ఎత్తో చూపించడానికి. అతనొక కొలబద్ద.

నేటి శిక్షణ చూస్తే ఇదే మాట ఇంకో వేషంలో కనిపిస్తుంది. నీటిరంగులు నేర్పేవాళ్ళు మనిషిని వెయ్యడానికి ఒక కిటుకు చెప్తారు. తల ఒక చుక్క, కింద కోసుగా దిగిపోయే ఒక మరక. దీనికి క్యారెట్ అని పేరు. నాలుగు క్యారెట్లు పెడితే ఘాట్ మీద జనం వచ్చేసినట్టే. నేర్చుకునేవాళ్ళకి సులువు, నిజమే. అయితే అదే పాఠంలో గోపురం మీది ఒక్కొక్క అంతస్తూ లెక్కపెట్టి గీయిస్తారు. రాయికి ఇచ్చిన ఓపిక మనిషికి ఎందుకివ్వలేదని ఏ మాస్టారూ అడగడు.

మణికర్ణిక బొమ్మల్లో ఈ సంగతి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ పొగ ఉంటుంది. ఆ పొగ వల్ల వెనక గోపురాలు మసకేసి, బొమ్మకి లోతు వస్తుంది. తడికాగితం మీద బూడిదరంగు వదిలి ఆ పొగని సాధించడం పెద్ద పనితనంగా చెప్పుకుంటారు. ఆ పొగ డోముల పని. తరతరాలుగా శవం కాల్చి, ఆ పనివల్లనే అంటరానివాళ్ళయినవాళ్ళ చెమట. బొమ్మలో పని మిగిలింది, పనివాడు పోయాడు. పొగ మిగిలింది, నిప్పు పెట్టిన చెయ్యి పోయింది.

3

పోయిన మనిషి ఎక్కడికి పోయాడు? అతను ఇంకో పుస్తకంలో ఉన్నాడు.

డేనియళ్ళు ఘాట్లు గీసిన కాలం, ఆ తరవాతి కాలం, కంపెనీ ఉద్యోగులకి మరో సరుకు కూడా బాగా నచ్చింది. కులాల, వృత్తుల బొమ్మల సెట్లు. తంజావూరు, తిరుచిరాపల్లి, పాట్నా, ముర్షిదాబాద్ లాంటి చోట్ల ఈ దేశపు చిత్రకారులే వాటిని వేసి అమ్మారు. కాగితం మీదా, పల్చటి అభ్రకం రేకుల మీదా. బొమ్మకి ఒక కులం. చాకలి, చాకలి భార్య. కుమ్మరి, కుమ్మరి భార్య. చెప్పులు కుట్టేవాడు. నీళ్ళు మోసేవాడు. చేతిలో పనిముట్టు ఉంటుంది. కట్టూ బొట్టూ సరిగ్గా ఉంటాయి. చాలా సెట్లలో కింద కులం పేరు రాసి ఉంటుంది. కానీ వెనక ఏమీ ఉండదు. తెల్ల కాగితం. లేదా కాళ్ళ కింద ఒక పచ్చటి గీత. చాకలి భుజాన మూట ఉంది, రేవు లేదు. నీళ్ళు మోసేవాడి దగ్గర తోలుసంచి ఉంది, బావి లేదు.

ఈ రెండు పుస్తకాలనీ పక్కపక్కన పెట్టి చూడమని మా మనవి. ఒకదాంట్లో చోటుంది, మనిషి లేడు. రెండోదాంట్లో మనిషున్నాడు, చోటు లేదు. మొదటిదాని కింద ఊరి పేరు రాశారు. రెండోదాని కింద కులం పేరు రాశారు. మనిషి పేరు దేని కిందా లేదు.

దీనివల్ల జరిగిందేమిటి? కులం అనేది ఒక మనిషి ఒంటికి పుట్టుకతో అంటుకున్న లక్షణంలా తయారైంది. అతని ముఖంలో, పనిముట్టులో, గుడ్డలో ఉన్నదన్నమాట. నిజానికి కులం ఒంట్లో లేదు. అది చోట్లో ఉన్నది. ఎవడు ఏ మెట్టు దగ్గర ఆగిపోవాలో అక్కడ ఉన్నది. మనిషినీ మెట్టునీ ఒకే బొమ్మలో గీస్తే తప్ప కులం కనపడదు. రెంటినీ విడదీసి రెండు పుస్తకాల్లో పెట్టాక, ఒకటి అందమైన దృశ్యం అయింది, రెండోది వింత జాతుల పట్టిక అయింది. ఆ తరవాత 1868 నుంచి 1875 దాకా ప్రభుత్వం 8 సంపుటాల్లో ఇక్కడి జాతుల, కులాల ఫొటోలు అచ్చేసినప్పుడు ఆ రెండో పుస్తకం కొనసాగింది. మొదటి పుస్తకం క్యాలెండరుగా మన ఇళ్ళల్లోకి వచ్చింది.

4

రంగుల పెట్టెలోకి కూడా తొంగి చూడాలి. నీటిరంగుల బొమ్మ చాలా శుభ్రమైనదిగా పేరుపడింది. నూనె వాసన లేదు, జిడ్డు లేదు. ఆ కాలపు కాగితం దేనివల్ల నీళ్ళకి ఆగింది? తోలు ముక్కలు ఉడకబెట్టి తీసిన జిగురులో ముంచి ఆరబెడితేనే ఆగింది. ఆ పూత లేకపోతే రంగు అద్దుడు కాగితంలోకి ఇంకినట్టు ఇంకిపోతుంది. ఇండియన్ ఇంక్ అని పిలిచే సిరా నిజానికి చైనాది, దీపం మసినీ జంతువుల జిగురునీ కలిపి చేసేది. అంటే కాగితమూ సిరా రెండూ చచ్చిన పశువు తోలు మీద నిలబడ్డాయి. ఆ తోలు పని చేసినవాణ్ణి రేవు దరిదాపులకి రానివ్వని సమాజంలో, అదే తోలు జిగురు పూసిన కాగితం మీద పవిత్రమైన రేవు బొమ్మ వెలిసింది. మన ఊళ్ళల్లో మాదిగ లంద కూడా నీళ్ళ ఒడ్డునే ఉండేది. ఏ రేవు బొమ్మలో అయినా లంద చూశారా?

ఇంకో రంగు సంగతి. సాయంకాలపు ఎండని వెయ్యడానికి ఇండియన్ ఎల్లో అనే పసుపు వాడేవారు. అది ఎక్కణ్ణించి వస్తుందో తెలియక లండన్లో వాకబు చేస్తే, త్రైలోక్యనాథ్ ముఖర్జీ 1883లో బీహారులో ముంగేరు దగ్గర మీర్జాపూర్ నుంచి సమాచారం రాసి పంపాడు. ఆవులకి మామిడాకులు మేపి, వాటి మూత్రాన్ని కాచి ఆ రంగు తీసేవారు. తీసేవాళ్ళు గోవాళ్ళలో ఒక చిన్న తెగ. ఆ మేతతో ఆవులు చిక్కిపోతాయని తోటి గోవాళ్ళే వాళ్ళని ఈసడించేవారు. ఇక ఆకాశానికీ నీళ్ళకీ వాడిన నీలిమందు ఎవరి పొలాల్లో, ఏ బలవంతం మీద పండిందో చంపారన్ కథ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బొమ్మలో గంగ మెరుస్తుంది. ఆ మెరుపు వెనక ఎంతమంది చేతులున్నాయో బొమ్మ చెప్పదు.

5

ఇక మన గడ్డ మీదికి వద్దాం. నీళ్ళ ఒడ్డున ఉన్న కట్టడాన్ని కలం సిరాతో గీసిన అతి ముఖ్యమైన సందర్భం ఒకటి కృష్ణ ఒడ్డున జరిగింది. అది పైన చెప్పిన కాశీ బొమ్మల తీరు కాదు. అందుకే చెప్పుకోవాలి.

అమరావతి స్తూపాన్ని 18వ శతాబ్దం చివర్లో కాలిన్ మెకంజీ మొదటిసారి చూశాడు. అప్పటికే అక్కడి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తూ దిబ్బని తవ్వించి రాళ్ళు తీయిస్తున్నాడు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేశారు. శిల్పాలున్న పలకలు కట్టడాలకి పోయాయి. దగ్గర్లోని శివగంగ చెరువు మెట్లకి పోయాయి. బుద్ధుడి కథలు చెక్కిన రాయి స్నానాల రేవు మెట్టు అయింది.

మెకంజీ దగ్గర పనిచేసిన చిత్రలేఖకులు 1816-19 మధ్య మిగిలిన పలకల్ని ఒక్కొక్కటే కలంతో, పల్చటి సిరా నీడలతో గీశారు. అక్కడ ఎండ లేదు, మబ్బు లేదు, కొబ్బరిచెట్టు లేదు. విరిగిన అంచు విరిగినట్టే, అరిగిన ముఖం అరిగినట్టే. ఆ తరవాత చాలా పలకలు మాయమయ్యాయి. వాటికి మిగిలిన సాక్ష్యం ఆ గీతలే. 1956 అక్టోబరు 14న అంబేద్కర్ వెంట బౌద్ధంలోకి నడిచిన జనానికి అమరావతి ఒక శిథిల దృశ్యం కాదు, తాతల ఆస్తి. ఆ ఆస్తి పత్రాలు కొన్ని ఆ ఆల్బంలో ఉన్నాయి.

మెకంజీ కూడా కంపెనీ మనిషే, సర్వేయరే. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల పేర్లు చరిత్రలో ఉన్నాయి గానీ దిబ్బ తవ్విన కూలీల పేర్లు లేవు. అయినా ఈ గీతలు మనకొక సంగతి నేర్పుతాయి. తప్పు కలంలో లేదు, సిరాలో లేదు. ఆ కలంతో ఏం కొలిచామన్నదే ప్రశ్న. అందం కోసం గీసిన రేవు ఏమీ దాచిపెట్టలేదు. సాక్ష్యం కోసం గీసిన రాయి రెండు వందల ఏళ్ళు నిలబడింది.

తెలుగువాళ్ళు తమంతట తాము నీటిరంగులు పట్టుకున్నది గోదావరి ఒడ్డున, రాజమండ్రిలో. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగులు వేసేవాడు. ఆయన ప్రోత్సాహంతో దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళి చదివాడు, తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు, 28 ఏళ్ళు నిండకుండానే 1925లో మశూచితో పోయాడు. అడివి బాపిరాజుదీ ఆ గురువు నీడే. దామెర్ల చేతి చలవని తక్కువ చెయ్యడం మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న ఆ దారి వెంట ఎదిగిన అభిరుచి గురించి. గోదావరి అంటే తెరచాప, పాపికొండలు, పుష్కరాల మెట్లు అన్న అభిరుచి అది. ఇంగ్లీషు కన్ను పోయి జాతీయ కన్ను వచ్చింది. కూర్చున్న చోటు మారలేదు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. అది ఈ ప్రాంతపు పెద్ద గుర్తు. కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. రాళ్ళు మోసిన వేలమంది ఏ బొమ్మలో ఉన్నారు?

ఆధునికులు వస్తే మారిందా అంటే, రామ్ కుమార్‌ని చూడాలి. 1960 ప్రాంతంలో హుసేన్‌తో కలిసి కాశీ వెళ్ళాడు. ఆ తరవాత ఆయన సిరాతో, రంగులతో వేసిన కాశీలో మనుషులే లేరు. ఇళ్ళు, మెట్లు, చీకటి, నది. గొప్ప విషాదం ఉన్న బొమ్మలని విమర్శకులు మెచ్చుకున్నారు. విషాదం ఉంది, కాదనం. కానీ డేనియళ్ళ బొమ్మలో కొలబద్దగానైనా మిగిలిన మనిషిని ఆధునికత అది కూడా లేకుండా తుడిచేసింది. మరణం మీద ధ్యానం మిగిలింది. శవం మోసేవాడు మిగల్లేదు.

6

చోటునీ మనిషినీ మళ్ళీ కలిపినవాళ్ళు లేరా? ఉన్నారు. కరువు కలిపింది.

జైనుల్ ఆబెదీన్ బ్రహ్మపుత్ర ఒడ్డున పెరిగినవాడు. ఆ నది మీద వేసిన నీటిరంగుల బొమ్మలకి 1938లో అఖిల భారత ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. చక్కటి రేవు బొమ్మల చిత్రకారుడుగా స్థిరపడిపోవాల్సినవాడు. 1943లో బెంగాల్ కరువు వచ్చింది. కలకత్తా వీధుల్లో చచ్చిపోతున్నవాళ్ళని ఆయన చవక కాగితం మీద నల్లసిరాతో, మందపాటి కుంచె గీతలతో గీశాడు. నదికి పల్చటి రంగు వాడిన చెయ్యి మనిషి దగ్గరికి వచ్చేసరికి గీతని గట్టిగా నొక్కింది. ఇక్కడ మనిషి మరక కాదు. ఎముక కూడా కనపడుతుంది.

అదే ఏడాది నవంబరులో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లా అంతా నడిచాడు. దారిలో కనపడ్డవాళ్ళని సిరాతో గీశాడు. గీసి ఊరుకోలేదు. ఎవరు, ఏ ఊరు, ఏమైపోయారు, ఇవి కూడా రాసుకున్నాడు. దాన్ని పుస్తకంగా వేస్తే ప్రభుత్వం ప్రతుల్ని పట్టుకుని తగలబెట్టింది. గంగ ఘాట్ బొమ్మల్ని ఏ ప్రభుత్వమూ తగలబెట్టలేదని గుర్తుపెట్టుకోవాలి. పేరూ ఊరూ ఒకే కాగితం మీదికి వచ్చిన రోజున బొమ్మకి పేచీ మొదలైంది.

వీళ్ళిద్దరి కన్నూ ఆకలి మీద ఉంది, కులం మీద లేదు. ఆకలికి కులం ఉందని వాళ్ళ బొమ్మలు విడిగా చెప్పవు. ఆ పని సావి సావర్కర్ లాంటి దళిత చిత్రకారులు చేశారు. మెడలో ముంత కట్టుకున్న అంటరానివాణ్ణి ఆయన గీతలోకి తెచ్చాడు. అక్కడ కులం ఉంది, మనిషి ఉన్నాడు. ఇక మిగిలింది చోటు. రేవుని, చెరువుని, కాలవని మనవైపు నుంచి గీసే పని ఇంకా మొదలవ్వాలి.

7

ఆ పని ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెప్తాం. మహాడ్‌లో చవదార్ చెరువు ఉంది. 1923లో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నీటి వనరులు అందరివీ అని తీర్మానించింది. మరుసటి ఏడాది మహాడ్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద ఒప్పుకున్న నీళ్ళని 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిట్లోకి తీసుకున్నాడు. దానికి దెబ్బలు తిన్నారు. ఆ తరవాత సవర్ణులు ఆవుపేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపి 108 కుండలు పోసి చెరువుని శుద్ధి చేసుకున్నారు. కోర్టులో 1937 మార్చి 17 దాకా పట్టింది ఆ నీళ్ళు తాగే హక్కు తేలడానికి.

ఇప్పుడు చవదార్ చెరువుని కలం, సిరా, నీటిరంగులతో మామూలు పద్ధతిలో గీయండి. మెట్లు వస్తాయి, చుట్టూ ఇళ్ళు వస్తాయి, నీళ్ళలో నీడలు వస్తాయి. చక్కటి బొమ్మ అవుతుంది. 1927 మార్చి 19కీ 20కీ మధ్య తేడా ఆ బొమ్మలో కనపడుతుందా? కనపడదు. ఈ దేశంలో నీళ్ళ ఒడ్డున జరిగిన అతి పెద్ద సంఘటనని ఆ పద్ధతి పట్టుకోలేదు. అది పద్ధతి లోపం. చెరువుది కాదు.

మన చెరువులే తీసుకుందాం. కారంచేడులో మాదిగలు తాగే నీళ్ళ చెరువుని పాడు చెయ్యొద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టడానికి వచ్చినవాళ్ళ ఎదట మున్నంగి సువార్త బిందె ఎత్తి నిలబడింది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రైనులో పడేశారు. కోస్తా కాలవ గట్టు మన చిత్రకారులకి ఎంత ఇష్టమైన దృశ్యమో తెలిసిందే. గట్టు మీద తాడిచెట్ల వరస, వంగిన వంతెన, నీళ్ళలో పడవ. ఆ గట్టు మీద కూర్చుని గీసేవాడు నీళ్ళని ఏ రంగుతో వెయ్యాలి? ఆ ప్రశ్న మనసుకి రాకుండా బ్రష్షు ముంచగలిగితే, ఆ చేతికి సామర్థ్యం ఉండొచ్చు గానీ కన్ను లేదు.

8

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని మాకు తెలుసు. ప్రతి బొమ్మలోనూ కులం పెట్టాలా, సాయంకాలం గోదావరిని చూసి ఆనందించే హక్కు లేదా అంటారు. ఉన్నది. ఆ హక్కు అందరికీ కావాలనే మేమంటున్నది. కానీ దృశ్యం అనేది తీరిక ఉన్నవాడికి కనపడేది. నీళ్ళలో మోకాలి లోతున నిలబడ్డవాళ్ళకి రేవు ఇంకోలా ఉంటుంది. చాకలి బండ ఎక్కడ జారుతుందో, బాన పెట్టడానికి కట్టెలు ఏ వైపు దొరుకుతాయో, ఏ మెట్టు దాటితే మాట పడాలో వాళ్ళకి తెలుసు. ఒడ్డు నుంచి నీళ్ళని చూసే బొమ్మలు వేలున్నాయి. నీళ్ళలోంచి ఒడ్డుని చూసిన బొమ్మ ఎక్కడుంది? గోపురం అక్కణ్ణించి అందంగా కనపడదు. చాలా ఎత్తుగా, చాలా దూరంగా కనపడుతుంది. అదీ ఒక నిజమే గదా.

కాబట్టి మన పిల్లలకి నీటిరంగులు వద్దని మేము చెప్పం. వాళ్ళు ఆర్ట్ కాలేజీలకి వెళ్ళాలి, పెర్స్పెక్టివ్ నేర్చుకోవాలి, వాష్ నేర్చుకోవాలి, ఆ తరవాత వరస తిరగెయ్యాలి. కలం గీత ముందు మనిషికి ఇవ్వాలి. రాయిని రంగు మరకతో సరిపెట్టాలి. ఊరి చెరువు గీస్తే ఏ రేవు ఎవరిదో పక్కన రాయాలి. చాకిరేవు ఎక్కడ, మాలపల్లె ఆడవాళ్ళు ముంచుకునే చోటు ఎక్కడ, లంద ఎక్కడ ఉండేది, ఆ బావి ఎప్పుడు తవ్వారు, ఎవరు తవ్వారు. అమరావతి పలకల్ని గీసిన ఓపికతో గీయాలి, చిత్తప్రసాద్ లాగా పేరు రాయాలి.

బొమ్మ మీద అక్షరం రాస్తే కళ పాడవుతుందని మాస్టర్లు అంటారు. సంతకం మాత్రం రాయనిస్తారు. అంటే గీసినవాడి పేరుకి బొమ్మలో చోటుంది, గీయబడ్డవాడి పేరుకి లేదు. ఈ ఒక్క నియమాన్ని కాదంటే చాలా దూరం వెళ్ళొచ్చు. కలం గీతకీ పనికొస్తుంది, రాతకీ పనికొస్తుంది. తరాల తరబడి మనకి అందనివ్వనిది ఆ రెండో పనే.

ఊళ్ళల్లో చెరువులు పూడిపోతున్నాయి. పాత రేవుల మీద సిమెంటు పడుతోంది. ఏ మెట్టు ఎవరిదో తెలిసిన ముసలివాళ్ళు పోతున్నారు. ఇంకొన్నాళ్ళకి, ఇక్కడ అలాంటిదేం లేదు, అందరూ కలిసే నీళ్ళు ముంచుకునేవాళ్ళు అని చెప్పేవాళ్ళు వస్తారు. వాళ్ళ చేతుల్లో అందమైన రేవు బొమ్మలు సాక్ష్యంగా ఉంటాయి. అప్పుడు పక్కన పెట్టడానికి మన దగ్గర కూడా బొమ్మలుండాలి, పేర్లతో, రేవులతో.